మూడో సొరుగు

లియేజ్‌లో ఆ మ్యూజియం రెండో అంతస్తుకి
నేను బొమ్మలు చూడ్డానికి వెళ్లలేదు.
గాలిలో తేమని కొలిచే యంత్రం మొరాయించిందని ఫోనొస్తే
పనిముట్ల పెట్టె మోసుకుంటూ వెళ్లాను.
మంగళవారం. మ్యూజ్ నది మీద
పడుతోందో లేదో తెలియని వాన.

యంత్రానికి ఎదురు గోడన ఒక మనిషి.
మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న నల్లకోటు.
వెనక ఆకుపచ్చ సముద్రం,
అందులో మోకాలి లోతున ఇస్త్రీబల్ల,
దాని మీద పడుకున్న గుర్రం.
మనిషికి నోరు లేదు.
నోరుండాల్సిన చోట సొరుగు.
చెక్కది, ఇత్తడి పిడి ఉన్నది,
నాలుగు వేళ్లు దూరేంత తెరుచుకుని.
పక్కన చీటీలో గీసినవాడి పేరూ, ఏడాదీ.
బొమ్మకి పేరు పెట్టలేదని రాసుంది.

బడిపిల్లలు జంటలు జంటలుగా వచ్చారు.
సొరుగంటే లోపలి మనసు అంది గైడు,
సముద్రమంటే అమ్మ అంది.
పళ్లూడిన పిల్లాడొకడు చెయ్యెత్తాడు:
"మరి ఈయన సూపెలా తాగుతాడు?"
అందరూ నవ్వారు. స్క్రూ బిగిస్తూ నేనూ నవ్వాను.
సగంలో, మర అరిగిన స్క్రూలా
నవ్వు ఉత్తినే తిరిగింది.

మా నాన్న ఫిర్మాన్ సూపు తాగే చప్పుడు.
సెరాన్‌లో మా వంటింట్లో
రాత్రిపూట వినిపించే మగగొంతు అదొక్కటే.
మాటలన్నీ బొగ్గుగనిలో పారేసుకొచ్చాడనేది అమ్మ.
నేనేమో, మేమంటే ఇష్టం లేదనుకున్నాను.
నలభై ఏళ్లు అలాగే అనుకుని
ఆ అనుకోవడంతోనే ఆయన్ని పూడ్చి వచ్చాను.

కానీ అటక మీద ఆయనకి పావురాలుండేవి.
ఆదివారం పందెం నుంచి తిరిగొచ్చే పక్షి కోసం
ఆకాశం కేసి మెడ రిక్కించి
ఎంతెంత మాట్లాడేవాడు!
బతిమాలి, తిట్టి, ముద్దుచేసి,
వాలోన్‌లో.
బళ్లో నోట్లోంచి జారినందుకు
చిన్నప్పుడు బెత్తం దెబ్బలు తిన్న భాషలో.
మాకు మాత్రం ఫ్రెంచి రావాలి, శుభ్రంగా రావాలి.
ఆయన ఫ్రెంచి శుభ్రమైంది కాదు.
మసి చేతులతో మా తెల్లబట్టలు ముట్టుకోనట్టే
ఆ మాటలతో మమ్మల్ని ముట్టుకోలేదు.

ఇది ఎవరూ నాకు చెప్పలేదు.
మోకాళ్ల మీద, స్క్రూడ్రైవర్ పట్టుకుని,
ఆ కోటు బొత్తాల కింద నుంచి పైకి చూస్తే
కనబడింది.

మా అల్మరాలో మూడో సొరుగూ అంతే.
దారపుండలు, పావురాల కాళ్ల కడియాలు,
ఏ తలుపువో తెలియని తాళంచెవులు.
చలికాలమంతా లాగినా వచ్చేది కాదు.
నాన్న తాళం వేశాడని చెల్లి మార్సెలిన్ ఏడ్చేది.
తేమ సంగతి నాకు తెలుసు, అదే నాకు కూడు పెట్టేది.
తాళం కాదది. చెక్క ఉబ్బుతుంది.
కింద నుంచి మోకాలితో ఒక్క పోటు పొడిచి
ఎవరో ఒకరు లాగాలి.
మేమెవరం లాగలేదు.

యంత్రం యాభై రెండు దగ్గర నిలబడింది.
కాగితం మీద సంతకం పెట్టి, లోపం అన్న గడిలో
"దుమ్ము, అంతే" అని రాశాను.
వ్యాన్‌లో కూర్చుని, అద్దాలు ఎత్తేసి,
ఆయన పావురాల్ని పిలిచే మాట పలికి చూశాను.
మొదటిసారి రాలేదు.
రెండోసారి, కాస్త.

గుర్రం సంగతి మాత్రం
నాకింకా అంతుపట్టలేదు.