చివరి మెట్టు ముందు

చొక్కా గుండీ పెట్టుకోవడానికి
పదకొండు మెట్లున్నాయని
ఇరవై మూడేళ్లొచ్చాక తెలిసింది నాకు.

రికార్డు పుస్తకంలో స్కేలు పెట్టి గీతలు గీసి
ఒక్కొక్కటీ రాశాను.
గుండీని చూడటం.
బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తేవడం.
రెండో చేత్తో కాజా అంచు పట్టడం...
నాలుగోది మర్చిపోయానని
హైమావతి మేడమ్ ఎర్రసిరాతో సున్నా చుట్టి
సంచిలోంచి మనవడి చొక్కా తీసి బల్లమీద పరిచింది.
"నీ వేళ్లనడుగు.
అవి దాటేసిన చోటే పిల్లోడు ఆగిపోయేది."

యూనివర్సిటీ గేటు ముందు
కొండ బస్సులు గోవింద కొడుతూ పోతాయి.
అలిపిరి నుంచి ఎన్ని మెట్లో
ఈ ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు.
ముద్ద నోటిదాకా పోవడానికి ఎన్నో
ఎవరూ లెక్కపెట్టరు.
మెట్టు మెట్టుకీ పసుపు రాసి, బొట్టు పెట్టి
నడుం వంచుకునే ఎక్కే ఆడవాళ్లను చూశాను.
ఆ ఓపికే మాకు సిలబస్.

వైవాలో అడిగారు, ఈ కోర్సే ఎందుకని.
ఉద్యోగం తొందరగా వస్తుందని సార్, అన్నాను.
అబద్ధం కాదు. సగం.

మిగతా సగం పాకాలలో
గుండీల్లేని చొక్కా వేసుకొని కూర్చోనుంది.
మా దొరన్నకి ముప్పై ఒకటి.
వాణ్ణి కష్టపెట్టలేక
అమ్మ గుండీలన్నీ పీకేసి నాడాలు కుట్టింది.
పీకినవి హార్లిక్స్ సీసాలో ఉన్నాయి.
ఊపితే గలగలమంటాయి, వాడికదే సంబరం.

ప్రాక్టీసు బడిలో మునిచరణ్‌తో
మూడు వారాలు మొదటి మెట్టు మీదే ఉండిపోయాను.
వాడు క్లాసులో ఏడ్చాడు, నేను బాత్రూంలో.
"వెనకనుంచి రా" అంది మేడమ్.
"పది మెట్లు నువ్వెక్కు.
సగం బయటపడ్డ గుండీని వాడు లాగితే చాలు.
అయిపోయింది అన్నది ముందు తెలియనీ వాడికి,
ఎట్లా అన్నది తర్వాత."

లాగాడు.
చొక్కా వైపూ చూళ్లేదు, నా వైపూ చూళ్లేదు.
ఫ్యాను వైపు చూసి నవ్వాడు.

శనివారం గాంధీరోడ్డులో
పెద్ద ఎర్ర గుండీలు కొని పాకాల బస్సెక్కాను.
"ఇప్పుడు వాడికి గుండీలెందుకు మే?"
గడపలో నిలబడి అనింది అమ్మ.
కోపం కాదది,
పదకొండు మెట్లూ ఇన్నేళ్లు
వాడి బదులు తానే ఎక్కిన ఆయాసం.

దొరన్న ముందు కూర్చున్నా.
పది మెట్లు నేనెక్కా.
వాడు గుండీని చాలాసేపు చూసి
వెనక్కి తోశాడు.
మళ్లీ పెట్టా. మళ్లీ తోశాడు.
ఎనిమిదిసార్లు.
సాయంతో, కొంత సాయంతో, సాయం లేకుండా:
రికార్డులో మూడే గడులు.
ఈ తోయడం ఏ గడిలోకి పోతుందో
మేడమ్‌ని అడగాలి.

దీపాలు పెట్టే వేళకి అమ్మ
ఇంకో చొక్కా, ఆ సీసా పట్టుకొచ్చి
నా పక్కనే చాపమీద కూలబడింది.
నాడా కుట్టు పళ్లతో తెంపి
సూది నా చేతికిచ్చింది.
"దారమెక్కియ్యి. నాకు కండ్లానడం లేదు."