రెండు గాజు గొట్టాలు

కాశీబుగ్గలో రైల్వే గేటు దాటాక
మందుల షాపు మేడ మీద నా గది.
చెక్క మంచం, చెక్క కుర్చీ.
దగ్గర్లో ఇనుప మేకైనా ఉండకూడదని
చీలలు కూడా కర్రవే కొట్టించాను.
మూల నిలబడ్డ పెట్టెని
అందరూ కరెంటు డాక్టరంటారు.
నేను దాని కాంపౌండర్ని.

నిప్పు బయటినుంచి వస్తుంది.
ముందు తోలు, తరవాత కండ,
ఎముక దాకా వెళ్లేసరికి
మనిషికి ఓపిక అయిపోతుంది.
ఇది అలా కాదు.
రెండు పలకల మధ్య ఒళ్లు పెడితే
లోపలి నీటి రేణువులు
అటు తిరగాలో ఇటు తిరగాలో తేల్చుకోలేక
సెకనుకి రెండు కోట్ల డెబ్భయ్యొక్క లక్షల సార్లు
తొట్రుపడతాయి.
ఆ తొట్రుపాటే వేడి.
మంట లేదు, పొగ లేదు,
రేగిన ఒక్క నిప్పురవ్వ లేదు.

మంగళవారం దాలమ్మ వచ్చింది,
బట్టీకి సెలవు.
ముప్పయ్యేళ్లు జీడిపిక్క కొట్టిన చేతులు,
వేళ్ల కొసల్లో నల్లటి పెచ్చులు.
బూడిద పూసినా ఆముదం రాసినా
జీడి జీడే.
"బుజం ఎత్తలేను బాబూ,
సేతులు కొంకర్లు పోతన్నాయి.
రెండిటికీ ఎట్టీ నీ కరెంటు."

గుండెలో మిషనుందా? లేదు.
ఎముకలో రాడ్డు?
"రాడ్డెయ్యడానికి నానేటి మేడనా?"
మెట్టెలు తీయించాను.
ఉంగరం సబ్బు పెడితేగానీ రాలేదు.
భుజం పొడిగా తుడిచాను.
చెమట ఎక్కడుంటే
అక్కడే కాలుస్తుంది ఈ యంత్రం,
బట్టీలాగే.

ఇక పరీక్ష.
రెండు గాజు గొట్టాలు,
ఒకదాంట్లో వేణ్ణీళ్లు, ఇంకోదాంట్లో కుండనీళ్లు.
కళ్లు మూసుకోమన్నాను.
భుజానికి ఆనించాను.
"ఎచ్చన."
"సల్లన."
"మల్లీ సల్లనే."
ఒక్కటీ తప్పలేదు.

చూపుడు వేలికి ఆనించాను.
మాట్లాడదు.
గొట్టం మార్చాను.
"ఎట్టు మరి," అంది.
పెట్టే ఉంచాను.

చదువుకునే రోజుల్లో
ఈ వాక్యం కింద ఎర్రగీత గీశాను:
వేడి తెలియని చర్మానికి వేడి ఇవ్వరాదు.
రోగి 'చాలు' అనాలి.
మాకున్న థర్మామీటరు ఆ ఒక్క మాటే.

"భుజానికిస్తాను, చేతులకి కుదరదమ్మా."
"అదేటి బాబూ,
ఎచ్చన తెలీని సేతికే గదా
అది కావలసినాది?"
నేను గడియారం తిప్పాను.
పదిహేను నిమిషాలు.

జవాబు లేనప్పుడు నాకు మాటలెక్కువ.
విజయనగరంలో మా బావమరిది
సూదీ దారం లేకుండా రెయిన్‌కోట్లు
ఇలాంటి తరంగంతోనే అతికిస్తాడని చెప్పాను.
రక్తం సంచి గొట్టాన్ని
చిటికెలో మూసేస్తుందని చెప్పాను.
గుండెలో దారి తప్పిన చోటుని
సన్నటి తీగ మొనతో మాడుస్తారని,
జీడిపప్పులో పురుగుని కూడా చంపొచ్చని,
పురుగులో తడి ఎక్కువ, అదే ముందు ఉడుకుతుంది,
పప్పు పప్పులాగే ఉంటుందని.

కళ్లు మూసుకునే వింది.
"పప్పుకింత ఇచారం సేసినోల్లు
పిక్క కొట్టే మనిసికి
ఏటీ కనిపెట్టనేదా?"

పెట్టె పనిచేస్తోందా లేదా అని
రోజూ నేనొక మూరెడు ట్యూబులైటు
పలకల దగ్గర పట్టి చూస్తాను.
తీగ ఉండదు, స్విచ్చుండదు,
గాలిలోనే వెలుగుతుంది.
"అది నాకియ్యి," అంది ఎడం చెయ్యి చాపి.

వెలిగింది.
పాలనురుగు రంగు వెలుతురు,
వేళ్ల పెచ్చుల అంచులన్నీ విడివిడిగా కనబడేంత.
"కాలుతోందా?" అలవాటు కొద్దీ అడిగాను.
"నాకేటి తెలస్తాది," అంది,
"దాన్నడుగు."

గంట మోగింది.
చెయ్యి చెవి దాకా లేచింది,
నిన్నటికన్నా ఓ జానెడు పైకి.
మెట్టెలు మాత్రం వేళ్లకి చిక్కలేదు,
మూడుసార్లు జారి మంచం కిందికి దొర్లాయి.
నేను వంగబోయాను.
"ఆగు బాబూ," అంది.
వేళ్ల మీంచి చూపు తియ్యకుండా,
ఎవరివో వేళ్లకి పని చెబుతున్నట్టు,
తనే తొడుక్కుంది.