మెత్తళ్ళ వాసన

చెరువు కాపలా అంటే చెరువుకే కాపలా,
మనిషికి కాదు.
కాట్రేనికోన దాటాక, ఉప్పుగాలి కొట్టే రొయ్యల గట్టు మీద
మూడేళ్ళు నులకమంచంలో పడుకున్నాను.
దోమలు అప్పిచ్చినవాళ్ళలా
సరిగ్గా చెవి దగ్గరికొచ్చే మాట్లాడేవి.
మొన్న శ్రావణంలో గట్టు మెత్తబడి
మంచం కోళ్ళు నాలుగూ నాలుగు లోతులకి దిగిపోయాయి.
ఆ రాత్రే అనుకున్నాను,
నేలతో పని లేని పడక ఒకటి కావాలని.

అంబాజీపేటలో షామియానాలు అద్దెకిచ్చే వీర్రాఘవులు
చిరుగుపడ్డ గుడ్డ ఒకటి నూటేభైకి ఇచ్చాడు.
ఎర్ర పువ్వులు, పసుప్పచ్చ అంచు,
ఎన్ని పెళ్ళిళ్ళ సాంబారు ఆవిరి పీల్చిందో.
దోమతెర ఇంట్లోనే ఉంది.
ఆస్పత్రివాళ్ళు ఊరంతా పంచిన నీలం తెర.
మా అక్క దాన్ని ఎండేసిన మెత్తళ్ళ మీద
కాకులు ముట్టకుండా కప్పుతోంది.
రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికాను.
నీలం పోయింది, వాసన పోలేదు.

దీవెనమ్మ మిషను ముందు రెండూ పరిచాను.
"ఎవరికి పోలిరాజూ, ఉయ్యాల?"
"నాకే."
నవ్వలేదు. టేపు తీసి
నడినెత్తి నుంచి మడమ దాకా లాగింది.
"పాడెకైనా ఇదే కొలత" అంది.
"అయితే ఇంకో రెండు మూరలు ఎక్కువ వెయ్యి,
నేను వంకరగా పడుకుంటాను" అన్నాను.
వంకరగా పడుకుంటేనే నడుము నిటారుగా ఉంటుంది,
ఆ గుడ్డ ధర్మమే అంత.

రెండు చివర్లూ గొట్టంలా మడిచి మూడేసి కుట్లు.
అడుగున రొయ్యల మేత సంచి,
దోమ గుడ్డలోంచి కూడా వీపులోకి సూది దించుతుందని.
ఈ సంగతి తట్టింది ఆమెకే, నాకు కాదు.
జిప్పు, మనవరాలి పాత స్కూలు బ్యాగుది.
మధ్యలో రెండు పళ్ళు లేవు.
అక్కడికి పిన్నీసు.

కొబ్బరిచెట్లకి కడదామంటే కాయ మీద నమ్మకం లేదు.
రెండు సరుగుళ్ళు చూసుకున్నాను.
మొదటి రాత్రి పీచుతాడు సాగి సాగి
తెల్లారేసరికి నా పిరుదులు మళ్ళీ గట్టు మీదే.
పడవతాడు తెచ్చాను, ఓడలరేవు నుంచి.
వాన ఆ తాడు పట్టుకుని నడిచొచ్చి
బుగ్గ కింద చేరింది.
"చెట్టుకీ నీకూ మధ్య పీలిక ఒకటి కట్టరా,
చుక్క అక్కడ దిగిపోతుంది" అన్నాడు పడవ ఏసోబు.
కట్టాను. దిగిపోయింది.

ఇక ఆ తర్వాతి రాత్రి
దోమలన్నీ తెర బయటే రొద పెడుతుంటే
మొట్టమొదటిసారి సరుగుళ్ళ మాట విన్నాను.
ఏరేటర్లు ఆగిన గంటలో
రొయ్య ఎగిరి పడ్డ చప్పుడు విన్నాను.
ఇంకోటీ విన్నాను, ముక్కు చీదిన చప్పుడు.
కళ్ళు తెరిస్తే జానెడు దూరంలో బావురుపిల్లి
తెరని వాసన చూస్తోంది.
ఎంతసేపు వెతికిందో పాపం,
ఇంత పెద్ద మెత్తడు లోపలుందని.

దీవెనమ్మ కూలి పుచ్చుకోలేదు.
ఆదివారం ప్రార్థన అయ్యాక గట్టు మీదికి వచ్చింది.
"కుట్టు ఆగిందో లేదో చూడాలిగా" అని
చెప్పులు విడిచి, చీర ఒద్దిక చేసుకుని ఎక్కింది.
నలభై ఏళ్ళు మిషను మీద వంగిన వీపు
వెనక్కి వాలింది.
ఏదో అనబోయి, అనకుండానే నిద్రపోయింది.

పొద్దు వాలింది.
మడ వైపు నుంచి దోమలు లేచాయి.
చూస్తే పిన్నీసు ఊడి ఉంది.
గుచ్చితే చప్పుడౌతుందేమోనని
పళ్ళు లేని ఆ రెండంగుళాలనీ
చూపుడువేలూ బొటనవేలూ కలిపి పట్టుకుని
నిలబడ్డాను.
రెండో చేత్తో తువ్వాలు.
ఏరేటర్లు వేసే వేళ దాటిపోయింది.