సిరా తాకని స్టెన్సిల్

కుమార్‌పల్లి గల్లీల మెట్ల కింద అర్ర.
రెండు స్కానర్లు. ఒకటే నడుస్తది.
ఇంతకుముందు పెండ్లి ఆల్బాలు, పహాణీ నకళ్లు
కంప్యూటర్‌కు ఎక్కిచ్చేదాన్ని.
ఇప్పుడు నలభై ఏండ్ల కిందటి కోపాన్ని
పేజీకి రెండు రూపాయల లెక్కన ఎక్కిస్తున్న.

కాగితాలు వచ్చిన తొవ్వలు వేరువేరు.
డాల్డా డబ్బాల, ఊక నడుమ దాచినవి,
బర్ల కొట్టం గోడల పెట్టి మట్టి మెత్తినవి.
ఒక కట్టకు ఇప్పటికీ పేడ వాసన.
ఒక కట్ట మీద కోర్టు గుమాస్తా ఊదా ముద్ర:
ఎగ్జిబిట్ పదిహేడు.
పాణం లెక్క దాచుకున్నవి చెదలు తిన్నయి.
పోలీసులు గుంజుకపోయినవే
కుట్టు చెదరకుంట తిరిగొచ్చినయి.

ఆగయ్య సారు పక్కన కుర్చేసుకుంటడు.
కండ్లు పోయి మూడేండ్లు.
నేను చదువుతుంటే మధ్యల ఆపుతడు
"ళ తోక తెగిందా చూడు పిల్లా."
తెగింది.
"అయితే కాజీపేట టైపు మిషన్."

ప్రతి ఫైలుకు పేరు పెట్టాలె
రాసినాయన, ఊరు, తారీఖు.
రాసినాయనకు మూడు పేర్లు,
మూడిట్ల ఏదీ వాళ్లమ్మ పెట్టింది కాదు.
తారీఖు కాడ "ఈ నెల" అని ఉంటది.
ఏ నెల సారూ అంటే
"కంకులు కాల్చుకున్న యాది..." అని ఆగుతడు.
ఆగస్టు, ప్రశ్నార్థకం అని కొడ్త.

అన్నం పెట్టినోళ్ల చిట్టా ఒకటి దొరికింది,
ఇంటిపేర్లతోని సహా.
సోలెడు బియ్యం. రెండు తువ్వాలలు. ఒక రాత్రి.
దాన్ని మాత్రం అందరికీ కనవడే కాడ పెట్టలే.
ఆ ఇండ్ల మనుమలు ఇప్పుడు
కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నరు.

మూడొందల పన్నెండో నంబరు, కరపత్రం.
నాగులపెంట ఓదెలు ద్రోహి అని,
అందుకే ఈ శిక్ష అని.
పదకొండు ప్రతులు, పదకొండు ఊర్ల నుంచి.
గోడగోడకు అంటిన కాగితం
ఎన్ని వానలకు పోతది?

అదే డబ్బా అడుగున, పాత పేపరు మడతల
ఒక మైనపు స్టెన్సిల్.
పాము కుబుసం లెక్క ఉన్నది,
ఊపిరి తలిగితే చిరిగేటట్టు.
స్కానర్ల పెడితే ఏమీ రాలే, ఉత్త చీకటి.
లేపి ట్యూబులైటుకు అడ్డం పట్టిన.
స్టెన్సిల్ల అక్షరమంటే గీత కాదు, చిల్లు.
చిల్లుల్లకెళ్లి వెలుతురు ఒక్కొక్క మాటే దిగింది:
ఓదెలు విషయంలో మేము పొరపడ్డాము.
సమాచారం ఇచ్చింది అతను కాదు.
అతని కుటుంబానికి

అటెనుక మైనం మీద కలం జారిన గీరు.

సిరా మరక ఒక్కటి లేదు.
"దీన్ని తిప్పలేదా సారూ?"
చెయ్యి చాపిండు. ఇచ్చిన.
వేళ్లు మెల్లగ నడిచినయి,
నేనింకా చెప్పనే లేదు,
సరిగ్గ ఆ గీరు కాడికి పోయి ఆగినయి.

"అప్పుడు కాగితం రీములు అయిపోయినయి" అన్నడు.

పక్క దుకాణంల మిక్సీ నడిచి, ఆగింది.

"అయిపోలే" అన్నడు.

వెనుక తెల్ల కాగితం పెట్టి,
కంప్యూటర్ల నలుపు తెలుపులు తిరగేస్తే
చిల్లులన్నీ అక్షరాలైనయి.
నంబరు ఏమెయ్యాలె?
మూడొందల పదమూడు అంటే
అది వేరే ముచ్చట అయితది.
"అదే నంబరు వెయ్యి" అన్నడు సారు,
"అది తెరిస్తే ఇది గూడ తెరుచుకోవాలె."

ఒక్క ప్రతి ప్రింటు తీసిన.
నలభై ఏండ్లకు మొదటి ప్రతి.
రెండు రూపాయలు లెక్కల రాయలే.

ఓదెలు బిడ్డ ఐలమ్మ ఆ ఊర్లనే
బీడీలు చేస్తదని ఇద్దరికీ ఎరుకే.
చాలాసేపటికి అడిగిండు
"పరకాల బస్సు ఎన్నింటికి?"
ఆరుంబావుకు, అన్న.
కాగితం ఇంకా వేడిగనే ఉన్నది.