తువ్వాల కింద మాట

చిత్తూరు బెల్లం మండీకి
పొద్దున ఆరుకే చీమలొస్తాయి,
ఆ తర్వాత మేము.
నేను చీటీలు రాసే గుమాస్తాని.
ముప్పై ఏళ్ళుగా బరువు నా చేతిరాతలో ఉంది,
బెల్లం ఇంకెవరిదో.

ఆ రోజు బెంచీ మీద ముగ్గురు.
గుడియాత్తం ఆసామిని హమాలీలు ‘చెట్టియారే’ అన్నారు,
ముళబాగిలాయన్ని ‘శెట్రే’ అన్నారు,
బజారు వీధిలో కుదువంగడి పెట్టినాయన్ని ‘సేటూ’ అన్నారు.
ముగ్గురికీ టీ ఒకే కెటిల్లోంచి.

రెండచ్చుల బెల్లం కోసం వచ్చిన
తెలుగయ్యోరు ఏకాంబరం
గొడుగు మడిచి నా పక్కన చేరినాడు.
“ముగ్గురిదీ ఒకే మాటప్పా.
మొదట అది శ్రేష్ఠి. మేలైనవాడని.
ఊళ్ళు తిరిగి తిరిగి ఒత్తులరిగి సెట్టి అయింది.
మన వాకిట్లో శెట్టి,
అరవం వాకిట్లో చెట్టి,
మార్వాడీల గద్దె మీద సేటు.”

నేను కలం చెవిన పెట్టుకుని చూస్తా ఉండా.
మేలైనవాళ్ళు
దొరసామి భుజం మీది తువ్వాల అడిగి తీసుకుని
దాని కింద వేళ్ళు కలిపినారు.
బొటనవేలు పిసికితే ఎంతో,
మూడు వేళ్ళు పట్టి వదిలితే ఎంతో
మండీకంతా తెలుసు. ఎవరూ పలకరు.
రాత్రంతా పెనం కాడ నిలబడిన కమలనాథరెడ్డి మాత్రం
బండి చక్రానికానుకుని
ఆ గుడ్డ కదలడాన్నే చూస్తన్నాడు,
బిడ్డకు నాడి చూసే డాక్టరు మొహం చూసినట్టు.

బేరం తెగింది.
“మరి బేరమంటే?”
“వ్యవహారం. అదీ అరిగిందే” అన్నాడయ్యోరు.

తూనికలాయన ఏడాదికోసారి వస్తాడు మాకు.
రాళ్ళు ఎత్తి చూసి ముద్రేస్తాడు,
అరిగినదాన్ని పక్కన పడేస్తాడు.
మాటలకు అట్టాంటాయన ఎవరన్నా ఉన్నాడా అని
అడగబోయి ఊరుకున్నాను.
లారీ వచ్చింది, చీటీలు రాయాల.

దొరసామి తువ్వాల దులుపుకున్నాడు.
అందులోంచి ఏమీ రాలలేదు.
చెమట తుడుచుకుని మూటకింద వొంగినాడు.

గేటు దగ్గర చెంగమ్మ,
ఊడ్చి జల్లించిన పొడిబెల్లం, నాలుగచ్చులు, ఒక చేతితక్కెడ.
‘శెట్టెమ్మా’ అని పిలుస్తారు ఇస్కూలు పిల్లకాయలు.
వాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరు, నోటికొచ్చింది అంతే.
అయ్యోరికి రెండచ్చులు తూచి,
ముల్లు సరిగ్గా నిలబడినాక,
అడక్కుండానే ఇంకో పలుకు విరిచి వేసింది.
“కొసరు” అనింది.

ఆ మాట యాడినుంచి వచ్చిందో
అయ్యోరు చెప్పలా.
పలుకు నోట్లో వేసుకుని గొడుగు విప్పినాడు.

సాయంత్రం లెక్క మూసేటప్పుడు
చీటీ అటూ ఇటూ తిప్పి చూశాను.
సరుకు, తూకం, ధర, కమీషను, కూలి.
కొసరు రాయడానికి గడి లేదు.