శుక్రవారం ఏడో పీరియడ్

పదకొండేళ్లు ఆ పీరియడ్ నేనే తిన్నాను.
టైంటేబుల్లో డ్రాయింగ్ అని ఉండేది,
బోర్డు మీద మాత్రం వర్గ సమీకరణాలు.
పిల్లలెవరూ అడగలేదు.
టెన్త్ రిజల్టు బతికించే బడిలో
బొమ్మల గంట పోయిందని ఎవడేడుస్తాడు?

పోయినేడు జూన్లో ట్రస్టు వాళ్లొచ్చారు.
ట్రస్టంటే మేడలేం కాదు,
అరండల్‌పేటలో జిరాక్సు షాపు మీద ఒక గది,
బ్యాంకులో క్యాషియర్‌గా రిటైరైన హైమవతమ్మ,
ఆవిడ మేనల్లుడి పాత బండి,
బండి వెనక తాడేసి కట్టిన రేకు పెట్టె.
"వారానికొక్క గంట చాలండీ" అందావిడ,
చిల్లర అడిగినంత మొహమాటంగా.
హెడ్మాస్టరు నా వంక చూశాడు.
నేను గోడ గడియారం వంక చూశాను.

డ్రాయింగు మాస్టరుగా వచ్చింది సైదులు.
ఒకప్పుడు లాలాపేటలో
సగం షాపుల పేర్లు ఆయన చేతివే.
ఫ్లెక్సులొచ్చి బోర్డులన్నీ దించేశాయి.
డిగ్రీ లేదు. జేబు మీద ఆరని పసుపు మరక.
రిజిస్టర్లో ఆయన సంతకం కింద
నా సంతకం చచ్చిన చీమల్లే ఉంది.

మొదటిరోజు బోర్డు మీద సున్నా చుట్టాడు.
కంపాస్ లేదు, దారం లేదు,
భుజం ఒక్కసారి తిరిగిందంతే.
ఎక్కడ మొదలెట్టాడో ఎక్కడ ఆపాడో
ఎంత వెతికినా దొరకలేదు.
ఇరవై ఆరేళ్లుగా వృత్తం పాఠం చెబుతున్నాను,
చూడ్డం అదే మొదలు.
ఆ తర్వాత ప్రతి శుక్రవారం
తలుపు దగ్గర నిలబడేవాణ్ణి,
పేపర్లు దిద్దుతున్నట్టు.

ఆగస్టుకల్లా ఎరుపు అయిపోయింది.
హైమవతమ్మ ఫోను:
"మాస్టారూ, నీలం సీసా మూతే తీయలేదు,
ఎరుపు ఆరు సీసాలేంటండీ,
ఆడిటర్ అడుగుతున్నాడు."
కోల్డ్ స్టోరేజీ లారీ ఒకటి
బడి పక్కనుంచి వెళ్లింది.
క్లాసు క్లాసంతా ఒక్కసారే తుమ్మింది.
"గుంటూరండీ" అన్నాను.
కాసేపాగి, "సరే, అదే రాస్తాను" అంది.

తొమ్మిదో తరగతి మరియరాణి.
నా లెక్కల్లో ముప్పై ఒకటి.
వెనక గోడ మీద చేతులు వేసింది.
రెండే రెండు. మనిషంతేసి చేతులు.
మొహం లేదు, చీర లేదు,
వేళ్ల సందున ఒక మిరప తొడిమ.
కాగితం మీద చిన్న గళ్లు గీసి
గోడ మీద పెద్ద గళ్లుగా పెంచింది.
నాకు ప్రాణం లేచొచ్చింది.
"చూశావా, ఇదే నిష్పత్తంటే! ఒకటికి పన్నెండు!"
బ్రష్ దించకుండానే అంది:
"కాదు సార్. అమ్మవి."

తర్వాత సైదులు చెప్పాడు.
తల్లి యార్డులో తొడిమలు తీస్తుంది.
ఇంటికొచ్చాక పిల్లల్ని ముట్టుకోదు,
నూనె రాసుకుని, చేతులు రెండూ
ఎవరివో అయినట్టు ఎత్తిపట్టుకుని
గుమ్మంలో కూర్చుంటుంది.
చెల్లికి జడ మరియరాణే వేస్తుంది.

మార్చిలో ఫారం వచ్చింది,
ట్రస్టుకి డబ్బిచ్చే కంపెనీ నుంచి.
కళాబోధన వల్ల మార్కులు పెరిగాయా? ఎంత శాతం?
నిజమే రాశాను.
అప్పుడూ ముప్పై ఒకటి, ఇప్పుడూ ముప్పై ఒకటి.
అడుగున, ఇతర వివరాలకి, రెండు గీతల జాగా.
పెన్ను మూత నములుతూ చాలాసేపు కూర్చుని
"గోడ వచ్చి చూడగలరు" అని రాశాను.
ఎవరూ రాలేదు.

ఈ జూన్లో బండీ రాలేదు.
హైమవతమ్మ ఇంకా తిరుగుతోందట
పత్తి మిల్లుల చుట్టూ, క్లబ్బుల చుట్టూ.
పోయినేడు చివరి మూడు నెలలూ
ఆవిడ పెన్షన్లోంచే నడిచాయని మేనల్లుడు చెప్పాడు,
చెప్పొద్దందని కూడా చెప్పాడు.
సైదులు లారీలకి నంబర్లు రాస్తున్నాడు.

శుక్రవారం ఏడో పీరియడ్ మళ్లీ నాదే.
పుస్తకం తెరిచాను. మూశాను.
సుద్దముక్క తీసుకుని
భుజం తిప్పాను, ఆయన తిప్పినట్టే.
వంకాయ వచ్చింది.
క్లాసు పగలబడి నవ్వింది.
చెరపబోతుంటే
ఎన్నిసార్లు పిలిచినా బోర్డు దాకా రాని పిల్ల
వెనక బెంచీలోంచి లేచి, చెయ్యి చాపుకుంటూ వచ్చింది:
"ఉంచండి సార్,
తొడిమ పెట్టాలి."