స్టాకు రిజిస్టరు

జబ్బు ఇంగా రాలేదు.
కమిటీ మాత్రం వచ్చేసింది,
చిత్తూరు కలెక్టరాఫీసు మేడమీదికి,
పదకొండు గంటలకు, సమోసాలతో సహా.

పేరు కూడా పెట్టని జ్వరమంట.
కోళ్ళ నించో బాతుల నించో బయల్దేరి
ఏడు సముద్రాల అవతల ఉండాదంట.
వచ్చే తేదీ తెలియజేయవలసిందిగా
పైకొక జాబు రాసినాం.
కోడి దగ్గినంత వరకే నా బాధ్యత అని
పశువుల డాక్టరు సంతకం పెట్టి లేచిపోయినాడు.

నేను స్టోరు గుమాస్తాను. నా లెక్క నేను చెప్తా.
చేతి తొడుగులు ఎనిమిది వేలు, అన్నీ ఎడమ చేతివే.
కుడివి వచ్చే ఆర్థిక సంవత్సరం.
మాస్కులు చిన్నపిల్లల సైజు.
ఏం పర్లేదు సార్, అన్నాడు వేలూరు కాంట్రాక్టరు,
ముక్కుకొకటి, నోటికొకటి.
బిళ్ళలకు గడువు మార్చి దాకా.
జబ్బు ఆ లోపలే రావాలని
ఆడిట్ వాళ్ళు గట్టిగా కోరినారు.

శవాల సంచులకు మాత్రం లోటు లేదు.
తలకొకటి అన్నారు పైనుంచి,
ఎవరి తల అని రాయలేదు గాబట్టి
జనాభా లెక్క చూసి ఇండెంటు పెట్టినాం.
నాదీ ఉండాది అందులో.
పొడుగు చూసుకున్నా. సరిపోతుంది.

పీనుగులకు చోటు?
బంగారుపాళెం రోడ్డులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ,
చల్లటి గదులు, మర్యాదస్తుడైన ఓనరు.
కాఫీ తాపించి చెప్పినాడు:
"జూన్, జులై తోతాపురి సీజను సార్,
ఆగస్టు దాటినాక ఎంతమందినైనా పంపండి."
మార్చి లోపల రమ్మని ఒకరు,
ఆగస్టు తర్వాతని ఒకరు.
జబ్బుకూ ఒక కాపీ పంపాలని తీర్మానం.

చివరి అంశం, మాక్ డ్రిల్.
రోగి వేషానికి ఎవరూ ముందుకు రాలేదు.
అటెండరు దొరసామిని పండబెట్టినారు.
ఏం దగ్గినాడబ్బా!
మొగం నల్లబడే దాకా, కండ్లు చింతనిప్పులయ్యే దాకా.
కమిటీ మొత్తం చప్పట్లు.
ఒళ్ళు కూడా కాలిపోతా ఉండాదే,
ఇదెట్లా చేస్తావయ్యా అని నర్సమ్మ అడిగితే
"నాలుగు దినాల నించి ఇట్లనే మేడం" అన్నాడు.
ఆమె కూడా నవ్వింది.
రెండు నూర్లిచ్చి, ఓచరు మీద సంతకం తీసుకుని
'రోగి కోలుకున్నాడు' అని రాసినాం.
రాసింది నేనే.
గుడిపాల బస్సెక్కి పోయినాడు.
నిలబడే దానికి చోటు లేదు ఆ బస్సులో.

శుక్రవారం వాళ్ళ ఆడమనిషి వళ్ళియమ్మ ఫోను:
"సారూ, ఊర్లో ఒక్కరూ ముట్టుకోడం లేదు,
మీ కాడ సంచులుండాయి అంటా ఉండె ఆయన."

ఉండాయి తల్లీ. పైకప్పు దాకా ఉండాయి.
స్టోరు తాళంచెవి
దొరసామి మొలతాడుకు ఉండాది.

తాళం పగలగొట్టాలంటే
మూడు సంతకాలు కావాల.
ఇద్దరు సెలవులో ఉండారు,
జ్వరమని.